సముద్రంలో ముగిసే హిమానీనదం: కొస కదలికను కొలవడం, అందులో వేడెక్కుతున్న వాతావరణం వాటాను గుర్తించడం

హిమాలయాల్లోని హిమానీనదాలు లోయలోనో, ఆ లోయలో ఏర్పడిన సరస్సులోనో ముగుస్తాయి. అలాస్కా, గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్, అంటార్కిటికా తీరాల్లో మాత్రం చాలా హిమానీనదాలు నేరుగా సముద్రంలోకి దిగి, అక్కడ నిలువు మంచుగోడగా నిలబడి, ముక్కలు ముక్కలుగా విరిగి నీటిలో పడతాయి. ఇలా విరిగిపడటాన్ని కాల్వింగ్ అంటారు. ఆవు దూడను వేయడానికి ఇంగ్లీషులో వాడే మాటే ఇది కాబట్టి, హిమానీనదం మంచుకొండను ఈనిందని మనం చెప్పుకున్నా తప్పు లేదు. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ హిమానీనదాలకు ఏమవుతున్నదో, ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలతో ఇంట్లో కూర్చునే కొలిచి చూడవచ్చు. కొలవడం ఒక సాయంత్రం పని. కొలిచినదానికి సరైన అర్థం చెప్పడానికి మాత్రం మంచు కింద నేల ఎలా ఉందో, నీరు ఎంత లోతుందో, ఆ నీటి వేడి ఎంతో కూడా తెలుసుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే.

సాధనకు అలాస్కాలోని కొలంబియా హిమానీనదాన్ని తీసుకోవడం మంచిది, ఎందుకంటే దాని చరిత్ర స్పష్టంగా నమోదై ఉంది. 1794లో జార్జ్ వాంకూవర్ నౌకాయాత్ర బృందం ప్రిన్స్ విలియం సౌండ్ తీరాన్ని పటంలోకి ఎక్కించినప్పుడు దాని కొస హెదర్ దీవి సమీపంలో ఉంది. 1980 నాటికి కూడా అది దాదాపు అక్కడే ఉంది. ఆ తర్వాత అది 20 కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. దాదాపు రెండు శతాబ్దాలు కదలని కొస కొద్ది దశాబ్దాల్లో అంత దూరం ఎందుకు పరుగెత్తిందన్న ప్రశ్నను మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టండి.

చిత్రాల ఎంపిక

అమెరికా భూవిజ్ఞాన సర్వే వెబ్‌సైటులో ల్యాండ్‌శాట్ చిత్రాలు, ఐరోపా వారి కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్ చిత్రాలు డబ్బు చెల్లించకుండానే దొరుకుతాయి. ల్యాండ్‌శాట్ పరంపర 1972లో మొదలైంది కాబట్టి పాత కాలానికి దానిని, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లకే సరిపోయేంత స్పష్టత ఉన్నందువల్ల 2015 తర్వాతి కాలానికి సెంటినెల్-2ను వాడండి. ల్యాండ్‌శాట్-7లోని ఒక పరికరం 2003 మే నెలాఖరులో చెడిపోవడం వల్ల ఆ తర్వాతి చిత్రాల్లో నల్లని చారలు ఉంటాయి. వాటిని చూసి మంచులో పగుళ్లని పొరబడకండి.

మామూలు రంగుల్లో చూస్తే మబ్బు, మంచు, సముద్రం మీద తేలే మంచుముక్కలు అన్నీ తెల్లగానే కనిపించి కొస ఎక్కడుందో అంతుపట్టదు. ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని విడిగా నమోదు చేసే పొరను బ్యాండ్ అంటారు. అందుకని కంటికి కనిపించని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లను, ఆకుపచ్చ బ్యాండును వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థానాల్లో పెట్టి చూడాలి. ల్యాండ్‌శాట్-8లో అవి 7, 5, 3 బ్యాండ్లు. సెంటినెల్-2లో 12, 8, 3. అప్పుడు మంచు లేత నీలంగా, చెట్లు పచ్చగా, రాయి గోధుమరంగులో, సముద్రం నల్లగా విడివిడిగా కనిపిస్తాయి. కొలంబియా మీద పొడవునా సాగే ముదురు గీతలను కూడా గమనించండి. రెండు ఉపనదులు కలిసినట్లే రెండు మంచుపాయలు కలిసిన చోట వాటి ఒడ్డు రాళ్లు నడుమకు వచ్చి అలా బారులు తీరుతాయి. ఆ గీతలు ఎక్కడ ఆగుతాయో అసలైన కొస అక్కడ ఉంటుంది. దాని ముందు తెల్లగా పరుచుకుని ఉన్నదంతా విరిగిపడిన ముక్కల గుంపు మాత్రమే.

ఏ రెండు సంవత్సరాలను పోల్చినా నెల ఒకటే కావాలి. చలికాలంలో ఫియార్డ్‌లోని, అంటే హిమానీనదం కోసిన లోయలోకి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకైన పాయలోని, మంచుముక్కలు సముద్రపు మంచుతో అతుక్కుని గట్టిపడి కొసకు దన్నుగా నిలబడతాయి కాబట్టి కాల్వింగ్ తగ్గి కొస ముందుకు వస్తుంది. ఎండాకాలంలో ఆ దన్ను పోయి వెనక్కి వెళుతుంది. పెద్ద హిమానీనదాల్లో ఈ రాకపోకలే కొన్ని కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. ఒక సంవత్సరపు మే చిత్రాన్ని మరో సంవత్సరపు సెప్టెంబరు చిత్రంతో పోలిస్తే మీరు కొలిచేది వాతావరణ మార్పును కాదు, రుతువుల మార్పును.

గీత గీసి కొలవడం

క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి చిత్రంలోని కొసను ఒక గీతగా గీయండి. కొస ఎప్పుడూ సరళరేఖలా ఉండదు, నడుమ వెనక్కి తగ్గి అంచుల్లో ముందుకు ఉండవచ్చు. అందువల్ల ఒక్క చోట దూరం కొలిచి సరిపెట్టుకోకూడదు. హిమానీనదానికి అడ్డంగా, రెండు పక్కల ఒడ్డులకు కాస్త లోపలగా ఉండేలా ఒక పెట్టె గీసి, దాని వెనుక అంచును శాశ్వతంగా ఒకే చోట ఉంచి, ఆ అంచుకూ కొసకూ మధ్య ఉన్న విస్తీర్ణాన్ని ప్రతి ఏటికీ లెక్కించండి. రెండేళ్ల విస్తీర్ణాల తేడాను పెట్టె వెడల్పుతో భాగిస్తే కొస సగటున ఎంత జరిగిందో వస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి కొలిచినప్పుడు కొలంబియా నలభై కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయినట్లు లెక్క తేలింది. రెండు రోజులు గీతలను తిరగదిద్దాను గాని తప్పు గీతల్లో లేదు. గుండ్రని భూమిని చదునైన పటంగా పరిచే పద్ధతిని ప్రక్షేపణ అంటారు. వెబ్ పటాలకు వాడే మెర్కేటర్ ప్రక్షేపణ ధ్రువాల వైపు పోయే కొద్దీ దూరాలను సాగదీస్తుంది. కొలంబియా ఉన్న 61 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెండింతలకు పైగా, విస్తీర్ణం నాలుగింతలకు పైగా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి కొలిచే ముందు, భూమిని సన్నని నిలువు పట్టీలుగా విడదీసి దూరాలను దాదాపు సరిగా చూపే యూటీఎం ప్రక్షేపణలో ఆ ప్రాంతానికి తగిన మండలంలోకి, గ్రీన్‌లాండ్ అయితే ధ్రువ ప్రక్షేపణలోకి మార్చుకోండి.

కొస స్థానంతో పాటు వేగాన్ని కూడా చూడాలి. నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ నిర్వహించే ఇట్స్ లైవ్ అనే వెబ్ వేదికలో పటం మీద ఒక బిందువును నొక్కితే అక్కడి మంచు వేగం ఏళ్ల తరబడి ఎలా మారిందో గ్రాఫ్ వస్తుంది. ధ్రువాల దగ్గర చలికాలమంతా చీకటి కాబట్టి ఆ నెలల వేగాలకు రాడార్ ఉపగ్రహాలే దిక్కు. 2014 నుంచి సెంటినెల్-1 ఆ పని చేస్తున్నది. నాసా, ఇస్రో కలిసి నిర్మించిన నైసార్ కూడా, మన శ్రీహరికోట నుంచి 2025 జూలై 30న నింగికెగిరి, పన్నెండు రోజులకొకసారి అదే చోటును చూసేలా కక్ష్యలో తిరుగుతున్నది.

కింద నేల, దాని మీద నీరు

ఇక అసలు విషయానికి వద్దాం. కొలంబియా కొస అన్నాళ్లు కదలకపోవడానికి కారణం దాని పాదాల దగ్గరే ఉంది. హిమానీనదం తాను ఈడ్చుకొచ్చిన రాళ్లను, గులకను, బురదను కొస ముందు గట్టుగా పోగేస్తుంది. దీన్ని మొరైన్ అంటారు. సముద్రంలో మునిగి ఉన్న ఆ గట్టు మీద కొస ఆనుకుని ఉన్నంత కాలం అక్కడ నీరు లోతు తక్కువ కాబట్టి కాల్వింగ్ కూడా పరిమితంగానే జరుగుతుంది. గట్టు వెనుక మాత్రం నేల సముద్రమట్టానికి కొన్ని వందల మీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. అంటే కొస గట్టును వదిలి వెనక్కి ఒక్క అడుగు వేస్తే పడేది లోతులోనే.

ఇది ఎందుకు ప్రమాదకరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. మంచు ఘనమీటరుకు సుమారు 917 కిలోలు, సముద్రపు నీరు సుమారు 1028 కిలోలు తూగుతాయి. కాబట్టి నీటి లోతును 1.12తో హెచ్చిస్తే, మంచు నేలకు ఆనుకుని ఉండటానికి కావలసిన కనీస మందం వస్తుంది. లోతు 300 మీటర్లయితే మంచు 336 మీటర్లకు మించి మందం ఉండాలి, అంటే గోడ నీటి పైన 36 మీటర్లకు మించి కనిపించాలి. ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ చూడండి. అదే లోతులో 380 మీటర్ల మందమున్న హిమానీనదం ఏటా 3 మీటర్ల చొప్పున పలచబడుతున్నదనుకుందాం. దానికి మిగులు 44 మీటర్లు. దాదాపు పదిహేనేళ్ల పాటు ఆ మిగులు కరుగుతూ ఉంటుంది గాని, ఉపగ్రహ చిత్రంలో కొస ఉన్నచోటే ఉన్నట్లు కనబడుతుంది. మిగులు తీరాక మంచు నేల పట్టు కోల్పోతుంది, నిజానికి అంతకు ముందే కోల్పోవడం మొదలవుతుంది. అడుగున రాపిడి తగ్గితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మంచు సాగి ఇంకా పలచబడుతుంది, పలచబడితే పగిలి వెనక్కి జరుగుతుంది. వెనుక లోతు 400 మీటర్లయితే అక్కడ నిలబడటానికి 448 మీటర్ల మందం కావాలి. అంత మందం లేకపోతే లోతు తగ్గే చోటో, లోయ ఇరుకయ్యే చోటో దొరికేదాకా అది ఆగదు.

ఈ లెక్క నుంచి రెండు జాగ్రత్తలు పుడతాయి. కొస కదలడం లేదు కాబట్టి హిమానీనదం క్షేమంగా ఉందనుకోవడం ఒక పొరపాటు. కొస వేగంగా వెనక్కి పోతున్న ప్రతి ఏడూ ఆ ఏటి ఎండలే కారణమనుకోవడం దానికి ఎదురు పొరపాటు. వేడి అంచు దాకా నెడుతుంది, ఆ తర్వాత ఎంత దూరం జారాలో నేల ఆకారం నిర్ణయిస్తుంది. కొలంబియా పలచబడుతున్నదని 1970లలోనే గమనించిన అమెరికా భూవిజ్ఞాన సర్వే శాస్త్రజ్ఞులు అది గట్టును వదిలి వేగంగా వెనక్కి పోతుందని ముందే హెచ్చరించారు. వాల్డీజ్ రేవు నుంచి చమురు ఓడలు వెళ్లే దారి ఆ పక్కనే ఉండటం వల్ల అది ఉబుసుపోక అడిగిన ప్రశ్న కాదు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ ఓడ, కొలంబియా నుంచి వచ్చిన మంచుముక్కలను తప్పించుకోవడానికి తన దారి విడిచి బ్లై రీఫ్ అనే రాతిమెట్టను ఢీకొంది.

మీ లెక్కకు కావలసిన నీటి లోతు అలాస్కాలో అయితే అమెరికా సముద్ర సంస్థ నోవా పటాల్లో, గ్రీన్‌లాండ్‌లో అయితే బెడ్‌మెషీన్ అనే డేటాలో దొరుకుతుంది. మంచుగోడ ఎత్తును ఆర్కిటిక్‌డెమ్ ఎత్తుల పటం నుంచి తీసుకోవచ్చు. విరిగే తీరు కూడా ఒక ఆనవాలే. నేలకు ఆనిన కొస చిన్న ముక్కలను తరచుగా రాలుస్తుంది, తేలడం మొదలుపెట్టిన కొస పెద్ద పలకలను అప్పుడప్పుడు వదులుతుంది. కొలంబియా కొసలో 2007లో ఈ మార్పు జరిగినప్పుడు అక్కడ పెట్టిన భూకంప మాపకాల్లో కూడా తేడా నమోదైంది.

కింది నీటి వేడి

గాలి ఉష్ణోగ్రతల పట్టికను మాత్రమే కొస కదలికల పక్కన పెట్టి చూసేవారు సగం కథే చూస్తారు. ఎండకు కరిగిన పైమంచు నీరు పగుళ్లలోంచి కిందికి జారి, నేల వెంట పారి, గోడ అడుగున సముద్రంలోకి బయటపడుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి గోడను ఒరుసుకుంటూ పైకి లేస్తుంది, లేస్తూ లోతుల్లోని వెచ్చని సముద్రజలాన్ని తనతో లాక్కొచ్చి గోడకు పూస్తుంది. గోదావరి వరదకు లంక ఒడ్డు కింద నుంచి కోసుకుపోయి, పైనున్న కొబ్బరిచెట్టుతో సహా ఒక్కసారి కూలినట్లు, అడుగు తొలిచిన మంచుగోడ పైనుంచి విరిగిపడుతుంది. వేసవి చిత్రాల్లో కొసకు ఆనుకుని అర్ధచంద్రాకారంలో ఒక బురదరంగు మచ్చ కనిపిస్తే ఆ నీరు పైకి తేలుతున్న చోటు అదే అని గుర్తుపెట్టుకోండి. అటువంటి చోట చేపల కోసం పక్షులు కూడా గుంపులుగా చేరతాయి. లోతుకు పోయే కొద్దీ ఒత్తిడి వల్ల మంచు కరిగే ఉష్ణోగ్రత వెయ్యి మీటర్లకు సుమారు ముప్పావు డిగ్రీ చొప్పున తగ్గుతుంది కాబట్టి, పైన చల్లగా తోచే నీరే అడుగున మంచును తినేయడానికి సరిపోతుంది.

సముద్రం ప్రభావం చూడాలంటే గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో, ఇలులిస్సాట్ పట్టణం పక్కన ఉన్న యాకబ్స్‌హావ్న్ హిమానీనదాన్ని తీసుకోండి. స్థానికులు దాన్ని సెర్మెక్ కుయల్లెక్ అంటారు. 1997లో డిస్కో అఖాతంలోకి వెచ్చని నీరు చేరింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే దాని ముందున్న తేలే మంచు నాలుక ముక్కలైపోయింది. 1992లో ఏడాదికి 5.7 కిలోమీటర్లున్న వేగం 2003 నాటికి 12.6 కిలోమీటర్లయింది. 2012 వేసవిలో అయితే రోజుకు 46 మీటర్ల దాకా వెళ్లింది. సీసా మూతి తీసినట్లు, ముందున్న అడ్డు తొలగగానే వెనుక మంచు ముందుకు దూకిందన్నమాట.

అదే హిమానీనదం 2016 నుంచి రెండు మూడేళ్లు నెమ్మదించి, మందం పెరిగి, కొస ముందుకు వచ్చింది. భూమి వేడెక్కడం అబద్ధమనడానికి కొందరు దీన్ని వాడుకున్నారు గాని, కారణం వెతికితే కథ అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆ సమయంలో అఖాతంలోని నీరు 1980ల మధ్యకాలం తర్వాత ఎన్నడూ లేనంతగా చల్లబడింది. ఉత్తర అట్లాంటిక్‌లో సహజంగా వచ్చిపోయే ఊగిసలాట అది. నీటి వేడి రెండు వైపులా హిమానీనదాన్ని ఎంతగా శాసిస్తుందో ఇంతకంటే మంచి రుజువు దొరకదని నా అభిప్రాయం. పైగా నెమ్మదించిన ఆ సంవత్సరాల్లో కూడా పడే మంచు కంటే సముద్రంలోకి పోయే మంచే ఎక్కువ.

ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు

అలాస్కాలోనే యాకుటాట్ అఖాతం తల దగ్గర హబ్బర్డ్ హిమానీనదం 1895లో కొలతలు మొదలైన నాటి నుంచి ముందుకే వస్తున్నది. 1986లో అది రస్సెల్ ఫియార్డ్ నోటిని మూసేసి దాన్ని సరస్సుగా మార్చింది, అదే ఏడు అక్టోబరులో ఆ కట్ట తెగింది. 2002లో మళ్లీ అదే జరిగింది. దాని విస్తీర్ణంలో అత్యధిక భాగం ఎత్తైన సెయింట్ ఎలియాస్ పర్వతాల్లో, ఏటా మంచు పోగయ్యే ప్రాంతంలో ఉండటం, తన మొరైన్ గట్టును తానే ముందుకు తోసుకుంటూ రావడం అందుకు కారణాలు. మరోవైపు గ్లేసియర్ బేలో 1794లో అఖాతం ముఖద్వారం దగ్గరే ఉన్న మంచు 1916 నాటికి సుమారు 105 కిలోమీటర్ల లోపలికి వెళ్లిపోయింది. ఆ పరుగులో ఎక్కువ భాగం కర్బన ఉద్గారాలు పెద్దగా పెరగక ముందే జరిగింది. నెమ్మదిగా శతాబ్దాల పాటు ముందుకు రావడం, దశాబ్దాల్లో వెనక్కి పరుగెత్తడం సముద్రంలో ముగిసే హిమానీనదాలకు సహజమైన చక్రమే.

అటువంటప్పుడు వాతావరణ మార్పు వాటాను పట్టుకునేదెలా? గుంపును చూడాలి. ఒక హిమానీనదం వెనక్కి పోవడానికి దాని ఫియార్డ్ లోతు కారణం కావచ్చు. లోతు, వెడల్పు, గట్టు, ఎత్తు అన్నీ వేర్వేరుగా ఉన్న రెండు వందల హిమానీనదాలు ఒకే కాలంలో ఒకే వైపు కదిలితే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది గాలి, సముద్రం తప్ప మరొకటి కాదు. గ్రీన్‌లాండ్‌లో రెండు వందలకు పైగా హిమానీనదాల కొసలను 1985 నుంచి 2022 వరకు గీసి చూసినప్పుడు సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల మంచు, బరువులో లక్ష కోట్ల టన్నులకు పైగా, పోయినట్లు తేలింది. వాటిలో ముందుకు వచ్చినవి దాదాపు లేవు. అందుచేత కొలంబియాతో సాధన పూర్తయ్యాక, అదే పెట్టె పద్ధతిలో ఒకే తీరంలోని పది పన్నెండు హిమానీనదాలను, ప్రతిదానికీ నీటి లోతు పక్కన రాసుకుంటూ కొలవండి.

చివరగా, ఫలితాన్ని సముద్రమట్టంలోకి మార్చేటప్పుడు రెండు అంకెలను కలపకండి. 36 వేల కోట్ల టన్నుల మంచు నేల మీది నుంచి సముద్రంలోకి చేరితే మట్టం సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. కానీ కొస వెనక్కి జరగడం వల్ల పోయిన మంచులో అధిక భాగం అప్పటికే నీటిలో మునిగి ఉన్నది కాబట్టి, ఆ లక్ష కోట్ల టన్నులను ఈ లెక్కలో నేరుగా వేయకూడదు. మట్టాన్ని పెంచేది కొస దాటి ఏటా పోయే మంచు పరిమాణంలోని పెరుగుదల, పైన కరిగి పారే నీరు. వీటిలో మొదటిదానికి వెడల్పును మందంతోనూ, ఆ వచ్చినదాన్ని వేగంతోనూ హెచ్చించండి. 5 కిలోమీటర్ల వెడల్పు, 400 మీటర్ల మందం ఉండి, ఏడాదికి 4 కిలోమీటర్లు కదిలే హిమానీనదం 8 ఘన కిలోమీటర్లు, అంటే సుమారు 730 కోట్ల టన్నులు సముద్రానికి ఇస్తుంది. వేగం రెట్టింపైతే, కొస అంగుళం కదలకపోయినా అది 1460 కోట్ల టన్నులవుతుంది. మీ పట్టికలో కొస స్థానానికి ఒక వరుస, ఈ పరిమాణానికి ఇంకొక వరుస వేరుగా ఉంచండి.